‘లేదు’ అని చెప్పగలిగే మీటరే కొనండి

దయ్యాన్ని పట్టే మీటరు అంటూ ఏదీ లేదు. అట్టపెట్టె మీద ఏం రాసినా, లోపల ఉండేది ఒక కాయిలు, ఒక సర్క్యూట్ బోర్డు, నాలుగైదు లైట్లు. అది అయస్కాంత క్షేత్రాన్నో, వేడినో, శబ్దాన్నో కొలుస్తుంది. అంతకుమించి దానికేమీ తెలీదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. మా వైశాలి నగర్ కుర్రాళ్ళు పండక్కి దాచుకున్న డబ్బులు లెక్క చూసుకుంటూ వచ్చి, "బాబాయ్, ఘోస్ట్ హంటింగ్ కిట్ ఒకటి ఆన్‌లైన్‌లో ఉంది, తెప్పించేదా?" అని అడుగుతుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది. వాళ్ళ ఆసక్తి తప్పని కాదు. రాత్రిపూట ఒక గదిలో ఏం జరుగుతోందో స్వయంగా చూసి తేల్చుకోవాలనుకోవడం చాలా మంచి బుద్ధి. ఆ బుద్ధిని ఆసరా చేసుకుని పనికిరాని సరుకు అంటగడుతున్నారే అని బాధ.

నేను ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేసి రిటైరయ్యాను. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించే నాటికి మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పనిలో ఉన్నాడు. అలా వచ్చిన ఉత్తరాంధ్ర కుటుంబాలు చాలా ఇక్కడే స్థిరపడ్డాయి. సెక్టార్-5 బాలాజీ గుడికి వెళ్తే ఇప్పటికీ చెవి నిండా మన మాటే. ఊరి నుంచి వస్తూ మావాళ్ళు చిల్లంగి కథలు వెంట తెచ్చుకున్నారు, ఇక్కడివాళ్ళ దగ్గర టోనహీ, అంటే మంత్రగత్తె, కథలు విన్నారు. నా చిన్నతనంలో కరెంటు పోతే ఈ రెండూ కలిసే వినబడేవి. ఈ కాలం పిల్లలకి కథ చాలదు, రీడింగ్ కావాలి. అమెరికాలో 2004లో మొదలైన ‘ఘోస్ట్ హంటర్స్’ లాంటి టీవీ కార్యక్రమాలు, మన దేశంలో 2009లో ఇండియన్ పారానార్మల్ సొసైటీ పెట్టిన గౌరవ్ తివారీ వీడియోలు చూసి మీటర్ల పేర్లన్నీ నోటికి నేర్చుకున్నారు. తివారీ 2016లో చనిపోయాడు గానీ ఆ మోజు తగ్గలేదు.

రీడింగ్ కావాలనుకోవడం నాకు నచ్చింది. అందుకే ఏది కొనాలో, ఏది కొనకూడదో నాకు తెలిసిన పద్ధతిలో చెప్తున్నాను.

కర్మాగారంలో మా షాపులో కొత్తగా చేరినవాడికి మొదట నేర్పేది జీరో చూడటం. ఏమీ లేనప్పుడు పరికరం సున్నా చూపిస్తోందా? తెలిసిన విలువ ఇస్తే అదే చూపిస్తోందా? ఈ రెండూ చూడకుండా రాసిన రీడింగ్‌ని ఫోర్‌మన్ కొట్టేసేవాడు. దయ్యాల కోసం కొనే పరికరానికీ ఇదే పరీక్ష పెట్టండి. ఏ పరిస్థితిలో అయితే ‘ఇక్కడ ఏమీ లేదు’ అని కచ్చితంగా చెబుతుందో అమ్మేవాణ్ణి అడగండి. దానికి సమాధానం లేని సరుకు ఎంత చవకైనా దండగే.

ముందుగా అందరూ అడిగేది కె-2 మీటరు. చేతిలో ఇమిడే నల్ల డబ్బా, పైన వరసగా ఐదు లైట్లు. ఇళ్ళల్లో కరెంటు పరికరాల చుట్టూ ఉండే విద్యుదయస్కాంత క్షేత్రం ఎంతో చూసుకోవడానికి తయారుచేసింది ఇది. మొదటి లైటు ఒకటిన్నర మిల్లీగాస్ లోపు, చివరి ఎర్ర లైటు ఇరవై దాటితే. ఒక్క దిశలోనే సరిగ్గా కొలుస్తుంది కాబట్టి మణికట్టు తిప్పితే చాలు, లైట్లు మారిపోతాయి. దగ్గర్లో ఫోన్ మోగినా వెలుగుతుంది.

మా వీధి కుర్రాడొకడు స్నేహితుడి దగ్గర ఎరువు తెచ్చిన కె-2 పట్టుకుని, వాళ్ళ ముందు గదిలో ఒక మూలకి వెళ్తే నాలుగు లైట్లు వెలుగుతున్నాయని నన్ను పిలిచాడు. వెళ్ళి చూశాను. నిజమే, గోడకి జానెడు దూరంలో నాలుగు, రెండడుగులు వెనక్కి వస్తే ఒకటి. కాసేపటికి అక్కడే నించుని ఉండగా లైట్లు వాటంతటవే ఒకటికి పడిపోయాయి. కుర్రాడి మొహంలో రంగు మారింది. "పక్క గదిలోకెళ్ళి ఆ గోడకి అవతల ఏముందో చూసిరా" అన్నాను. వెళ్ళి చూస్తే ఫ్రిజ్. కంప్రెసర్ ఆగినప్పుడు లైట్లు పడుతున్నాయి, తిరగడం మొదలైతే లేస్తున్నాయి. ఇద్దరం గడియారం పెట్టుకుని కంప్రెసర్ మోత, లైట్ల లెక్క పక్కపక్కనే రాశాం. రాస్తున్నంతసేపూ వాడి కళ్ళల్లో భయం పోయి వేరే ఉత్సాహం వచ్చింది. అసలు పరిశోధన అంటే ఇదేనని నేను మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

కె-2 మన దేశంలో దిగుమతి సరుకు, ధర వేలల్లో ఉంటుంది. మొదటిసారి కొనేవాళ్ళకి అక్కర్లేదు. ఇళ్ళల్లో వైరింగ్ ఎక్కడుందో పట్టుకోవడానికి అదొక్కటే దారి కాదు.

దీనికన్నా ఖరీదైనది మెల్ మీటరు. దాని పుట్టుక తెలిసినప్పుడు నా గుండె కలుక్కుమంది. అమెరికాలో కనెక్టికట్‌కి చెందిన గ్యారీ గాల్కా అనే ఇంజనీరు కూతురు మెలిస్సా 2004లో కారు ప్రమాదంలో పోయింది. ఆ తరవాత ఆయన అయస్కాంత క్షేత్రాన్నీ ఉష్ణోగ్రతనీ ఒకేసారి చూపే మీటరు తయారుచేసి, దానికి కూతురి పేరే పెట్టాడు. మోడల్ నంబరు 8704. ఆ పిల్ల పుట్టిన సంవత్సరం 87, పోయిన సంవత్సరం 04. ఇలాంటి పరికరాలు కొనేవాళ్ళలో సరదాకి కొనేవాళ్ళే కాదు, పోయినవాళ్ళ మాట ఒక్కసారి వినబడితే చాలనుకునే తల్లిదండ్రులు కూడా ఉంటారు. అందుకే ఈ వ్యాపారంలో అబద్ధం చెప్పడం నా దృష్టిలో మామూలు మోసం కన్నా పెద్ద నేరం.

ఇక ఫోన్లో ఉచితంగా దొరికే ‘ఘోస్ట్ డిటెక్టర్’ యాప్‌లు. చాలా ఫోన్లలో దిక్సూచి కోసం చిన్న అయస్కాంత సెన్సరు ఉంటుంది. సెన్సరు మంచిదే, యాప్‌లు వేసే వేషాలే చెడ్డవి. తెర మీద బొమ్మలు, ఆకుపచ్చ చుక్కలు చూపే వాటిని తీసేసి, మైక్రోటెస్లాలలో అంకె మాత్రమే చూపే మాగ్నెటోమీటర్ యాప్ పెట్టుకోండి. మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రమే సుమారు 45 మైక్రోటెస్లాలు ఉంటుంది. ఇనప బీరువా దగ్గరికీ, స్లాబులో ఊచలున్న చోటికీ, స్పీకరు పక్కకీ వెళ్తే అంకె మారుతుంది. అది ఇనుము ఎక్కడుందో చెబుతోంది. ఉక్కు ఊళ్ళో ఇనుము లేని గోడ ఎక్కడ దొరుకుతుంది?

‘స్పిరిట్ బాక్స్’ అసలు కొనకండి. 2002లో ఫ్రాంక్ సంప్షన్ అనే అమెరికన్ మొదలుపెట్టిన వరస ఇది. రేడియో స్టేషన్లని ఆగకుండా గబగబా తిప్పుతూ పోతుంది. ఒక స్టేషన్లో అర ముక్క, ఇంకో స్టేషన్లో పావు ముక్క వినబడతాయి. వాటిని కలిపి మాటగా చేసేది మన చెవి, మన ఆశ. తెలుగులో ప్రశ్న అడిగి, రాయపూర్ ఎఫ్ఎం ముక్కల్లోంచి తెలుగు జవాబు విన్నామని చెప్పినవాళ్ళని చూశాను. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే విన్నారు. ఇది ఏ పరిస్థితిలోనూ ‘లేదు’ అని చెప్పలేని పరికరం, కాబట్టి మన పరీక్షలో తప్పింది.

గొంతులు రికార్డు చేయాలనుకుంటే మీ ఫోనే చాలు. 1959లో స్వీడన్‌లో ఫ్రెడరిక్ యూర్గెన్సన్ పిట్టల కూతలు రికార్డు చేస్తూ మనుషుల మాటలు విన్నానన్నాడు, అప్పట్నుంచీ ఈ వేట నడుస్తోంది. రెండు ఫోన్లు గదిలో రెండు మూలల పెట్టండి. ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేని శబ్దం ఆ ఫోను తాలూకు రొదే అయ్యే అవకాశం ఎక్కువ. మీలో ఎవరైనా దగ్గినా, కుర్చీ జరిపినా వెంటనే "ఇది నేనే" అని పైకి చెప్పండి, రికార్డులో పడుతుంది. విన్నదేమిటో పక్కవాడికి ముందే చెప్పకుండా, ముగ్గురి చేత విడివిడిగా వినిపించి కాగితం మీద రాయించండి. ముగ్గురూ మూడు మాటలు రాస్తే అక్కడ మాట లేనట్టే.

దూరం నుంచి చుక్క పెట్టి ఉష్ణోగ్రత చూపే తుపాకీ థర్మామీటరు గురించి ఒక్క సంగతి. కొలిమి పనిలో ఇలాంటి పద్ధతితోనే కరిగిన లోహం వేడి చూసేవాళ్ళం కాబట్టి దీని లోపాలు బాగా తెలుసు. అది గాలిని కొలవదు, ఎదురుగా ఉన్న ఉపరితలాన్ని కొలుస్తుంది. స్టీలు గిన్నె వైపు పెడితే గిన్నె వేడి కాదు, గిన్నెలో ప్రతిఫలించే గది వేడి చెబుతుంది. చవక రకాల్లో చాలావాటికి 12:1 అని రాసుంటుంది, అంటే పన్నెండు అడుగుల దూరం నుంచి చూస్తే అడుగు వెడల్పు వలయం మొత్తానికీ సగటు. గది మధ్యలో ‘చల్లని మచ్చ’ ఉందని దీంతో తేల్చడం కుదరని పని. దానికి బదులు మూడు నాలుగొందల్లో దొరికే గోడ థర్మామీటరు కొనండి, ఉష్ణోగ్రతతో పాటు గాలిలో తేమ శాతం కూడా చూపేది. వీలైతే రెండు కొనండి. ముందు రెంటినీ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి, తేడా ఎంతో రాసుకున్నాకే విడివిడి గదుల్లో పెట్టాలి.

ఈ థర్మామీటరుతో ఒక మంచి కేసు తేల్చవచ్చు. మా వైపు మేడ మీద రేకులు వేసుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. ఎండాకాలం రాత్రి పడుకున్నాక పైన ఎవరో నడుస్తున్నట్టు టక్, టక్ మని చప్పుడు. ఇనుము ఒక్కో డిగ్రీకి పది లక్షల్లో పన్నెండు వంతుల చొప్పున పెరుగుతుంది, తగ్గుతుంది. ఇరవై అడుగుల రేకు పగటి వేడి నుంచి ఇరవై డిగ్రీలు చల్లబడితే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు కుంచించుకోవాలి. బోల్టులు బిగించి ఉండటంతో మెల్లగా జరగలేదు, పట్టు తప్పినప్పుడల్లా ఒక్కసారిగా జారుతుంది. ఒక్కో జారుడికి ఒక్కో చప్పుడు. థర్మామీటరు అంకె, చప్పుడు వేళ పక్కపక్కన రాయండి. వేడి గబగబా పడిపోయే వేళల్లోనే చప్పుళ్ళు ఎక్కువుంటే మేడ మీద నడుస్తున్నది ఎవరో తెలిసిపోతుంది. మబ్బు పట్టిన రాత్రి మళ్ళీ చూడండి, ఆ రాత్రి చప్పుళ్ళు తగ్గాలి. తగ్గకపోతే ఇంకో కారణం వెతకాలి.

ఎక్కువమందిని భయపెడుతున్న ఇంకో విషయం ఎల్ఈడీ బల్బు. స్విచ్ ఆపేశాక కూడా చీకట్లో మసగ్గా వెలుగుతూనే ఉంటుంది, లేదా ఆగి ఆగి మెరుస్తుంది. పాత ఫిలమెంటు బల్బులకి ఈ గొడవ ఉండేది కాదు, ఎల్ఈడీ వెలగడానికి అతి కొద్ది కరెంటు చాలు కనుక ఇప్పుడు కనబడుతోంది. పక్కపక్కనే పోయే వైర్ల మధ్య ప్రేరణ వల్లో, స్విచ్‌లో ఉండే చిన్న ఇండికేటరు లైటు వల్లో కూడా ఇలా కావచ్చు. కానీ తప్పకుండా చూడాల్సింది, స్విచ్‌ని ఫేజు వైరులో కాకుండా న్యూట్రల్ వైరులో పెట్టారేమోనని. ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్ ఆపి, హోల్డరులో నియాన్ టెస్టరు ఆనిస్తే నిక్కచ్చిగా తెలుస్తుంది. టెస్టరు బాగా వెలిగిందంటే ఆపిన దీపానికీ ఫేజు అందుతోందన్నమాట. స్విచ్ ఆపామన్న ధీమాతో బల్బు మార్చబోయి చెయ్యి తగిలితే షాకు కొడుతుంది. దయ్యం సంగతి పక్కన పెట్టి ఆ రోజే బాగు చేయించండి. యాభై వంద రూపాయల టెస్టరు, రెండు మూడొందల మల్టీమీటరు భిలాయ్ పవర్‌హౌస్ మార్కెట్లో ఏ ఎలక్ట్రికల్ దుకాణంలోనైనా దొరుకుతాయి. వాడటం రాకపోతే తెలిసినవాళ్ళని పక్కన పెట్టుకోండి, ఒంటరిగా బోర్డు విప్పకండి.

ఇప్పుడు, డబ్బు ఒక్క వస్తువుకే సరిపోతుందంటే నేను కొనమనే వస్తువు. కార్బన్ మోనాక్సైడ్ అలారం.

1921లో విలియం విల్మర్ అనే అమెరికన్ కళ్ళ డాక్టరు ఒక వైద్య పత్రికలో ఒక కుటుంబం అనుభవం ప్రచురించాడు. పాత ఇంట్లోకి మారాక రాత్రుళ్ళు అడుగుల చప్పుడు, సామాను జరుపుతున్న మోత, ఎవరో వెనకే ఉండి చూస్తున్నట్టు. పిల్లలు పాలిపోయారు, తలనొప్పులు, కుండీల్లో మొక్కలు చచ్చిపోయాయి. చివరికి చూస్తే ఇంటిని వెచ్చబెట్టే కొలిమి పాడై పొగ బయటికి పోకుండా గదుల్లోకే వస్తోంది. అందులోని మోనాక్సైడే ఆ కుటుంబాన్ని పీడించింది. కొలిమి బాగుచేయించాక అన్నీ ఆగిపోయాయి.

ఈ గ్యాసుకి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట దానికన్నా రెండొందల రెట్లకి పైగా గట్టిగా అతుక్కుంటుంది. ముందు తలనొప్పి, తల తిరగడం, అయోమయం, లేనివి ఉన్నట్టు అనిపించడం. తరవాత స్పృహ పోతుంది. బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసులో అయిదో వంతుకి పైగా ఇదే ఉంటుంది కనుక భిలాయ్‌లో దీని పేరు తెలియని కార్మిక కుటుంబం ఉండదు. 2014 జూన్‌లో మా కర్మాగారంలో గ్యాసు లీకై ఆరుగురు చనిపోయారు. వాళ్ళలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. ఎంత అనుభవం ఉన్నవాళ్ళకైనా ముక్కుతో తెలియని గ్యాసు ఇది. అందుకే అక్కడ పని చేసేవాళ్ళు జేబుకి మానిటరు తగిలించుకుంటారు.

ఇంట్లో అది ఎలా పుడుతుందంటే, డిసెంబరు చలికి తలుపులు మూసేసుకుని గదిలో బొగ్గుల సిగ్డీ పెట్టుకుంటే పుడుతుంది. కిటికీ లేని బాత్రూములో గ్యాస్ గీజరు వెలిగించినా, వరండాలో జనరేటరు తిప్పినా అంతే. ‘ఆ గదిలో పడుకుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది, పొద్దున్న లేస్తే తల పగిలిపోతోంది’ అని ఎవరైనా చెబితే మిగతా మీటర్లన్నీ సంచిలో పెట్టేసి ముందు తలుపులు తీయండి, మంట ఆర్పండి, మనుషుల్ని బయటికి తీసుకురండి.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మార్కెట్లో ‘గ్యాస్ లీక్ అలారం’ అని దొరికేవాటిలో చాలామటుకు వంటగ్యాసుని పసిగట్టేవి. వాటికి మోనాక్సైడ్ తెలీదు. పెట్టె మీద కార్బన్ మోనాక్సైడ్ అని స్పష్టంగా ఉందా, ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ అని ఉందా, పరీక్ష బటన్ ఉందా, సెన్సరు గడువు ఏ సంవత్సరం వరకు అని చూడండి. యూరప్ ప్రమాణం ఇఎన్ 50291 ప్రకారం చేసినదైతే 50 పీపీఎం దగ్గర గంట నుంచి గంటన్నర మధ్య, 100 దగ్గర పది నుంచి నలభై నిమిషాల మధ్య, 300 దగ్గర మూడు నిమిషాల్లోపు మోగాలి. అంకె కూడా చూపించే రకం దొరికితే అదే తీసుకోండి. వెయ్యి, పదిహేనొందల నుంచి దొరుకుతున్నాయి. ఏమీ లేని గదిలో సున్నా చూపించి ‘లేదు’ అని నిజాయితీగా చెప్పే పరికరం ఇది.

శబ్దం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇంగ్లండ్‌లో కోవెంట్రీలో విక్ టాండీ అనే ఇంజనీరు తన ల్యాబులో రాత్రిపూట కంటి చివర బూడిద రంగు ఆకారం చూశాడు, ఒళ్ళంతా చెమటలు పట్టాయి. మర్నాడు అక్కడే బిగించి పెట్టిన కత్తిసాము కత్తి దానంతటదే ఊగుతోంది. వెతికితే, కొత్తగా పెట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాను చెవికి అందని శబ్ద తరంగాన్ని పుట్టిస్తోంది, సెకనుకి సుమారు 19 కంపనాలు. ఫ్యాను ఆపగానే అంతా ఆగింది. 1998లో ఆ పరిశీలన ప్రచురించాడు. తరవాత వేరేవాళ్ళు చేసిన ప్రయోగాల్లో ఇంత స్పష్టంగా తేలలేదు గానీ, ఫ్యాన్లూ కూలర్లూ ఒక్కొక్కటే ఆపి చూడటానికి పైసా ఖర్చు లేదు. చేయండి.

మిగతా సామానంతా కిరాణా కొట్లో దొరుకుతుంది. 1937లో ఇంగ్లండ్‌లోని బోర్లీ రెక్టరీని అద్దెకి తీసుకున్న హ్యారీ ప్రైస్ ఆ రోజుల్లో దయ్యాల పరిశోధనకి పెద్ద పేరు. ఆయన సామాన్లలో కొలటేపు, థర్మామీటరు, సీలు వేసే సరంజామా ఉండేవి. కదులుతాయన్న వస్తువుల చుట్టూ గీత గీసి ఉంచేవాడు. ఆయన నిజాయితీ మీద తరవాత చాలా అనుమానాలు వచ్చాయి, పద్ధతి మాత్రం బాగుంది. సుద్దముక్క, దారం, గుమ్మం దగ్గర చల్లడానికి కాస్త బియ్యప్పిండి, టార్చి, నోటుబుక్కు. పిండి మీద ఎలుక పాదాలు కనిపిస్తే అటక మీద చప్పుడు కేసు అక్కడితో ముగిసింది. అన్నీ కలిపినా మూడు వేల రూపాయలు దాటదు. నోటుబుక్కులో గంట, నిమిషం, గది, రీడింగ్, ఆ సమయంలో ఇంట్లో ఏవేవి నడుస్తున్నాయో రాయాలి. పగలు ఒకసారి, రాత్రి ఒకసారి రాయాలి. పగటి రీడింగ్ లేని రాత్రి రీడింగ్‌కి విలువ లేదు.

పాడుబడ్డ క్వార్టర్లలోకి అనుమతి లేకుండా దూరకండి. స్లాబులు ఊడి పడుతున్నాయి, పాములుంటాయి. దయ్యాల కోటగా పేరుపడ్డ రాజస్థాన్‌లోని భాన్‌గఢ్ కోటలోకి సైతం సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ప్రవేశం లేదని పురావస్తు శాఖ బోర్డు పెట్టింది.

చివరిగా, వీటన్నిటికన్నా ముఖ్యమైనది. మీ మీటరు రీడింగ్ ఎప్పుడూ ఒక మనిషి పేరు దగ్గర ఆగకూడదు. ఛత్తీస్‌గఢ్‌లో టోనహీ అన్న ముద్ర పడి దెబ్బలు తిన్న ఆడవాళ్ళున్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఎక్కువమంది పేదలు, ఒంటరివాళ్ళు, ముసలివాళ్ళు. మన తెలుగు జిల్లాల్లో చేతబడి, చిల్లంగి, బాణామతి పేరుతో జరిగిందీ ఇదే. రాయపూర్‌లో అంధశ్రద్ధా నిర్మూలన్ సమితి నడుపుతున్న డాక్టర్ దినేశ్ మిశ్రా ఏ స్త్రీ టోనహీ కాదని ఊరూరా తిరిగి చెబుతున్నారు. విల్మర్ లాగే ఆయన కూడా కళ్ళ డాక్టరే. 2005లో రాష్ట్రం టోనహీ ప్రతాడన నివారణ చట్టం తెచ్చింది. ఒకరిని టోనహీ అని గుర్తించి చెప్పినందుకు మూడేళ్ళ వరకు, ఆ పేరుతో హింసించినందుకు ఐదేళ్ళ వరకు కఠిన కారాగార శిక్ష. భూతవైద్యం పేరుతో ఝాడ్‌ఫూంక్ చేయడం కూడా నేరమే. చేతిలో లైట్లు మెరిసే డబ్బా పట్టుకున్న కుర్రాడి మాటకి ఊళ్ళో ఎంత బరువుంటుందో మీకు తెలీకపోవచ్చు, నాకు తెలుసు. "మీటరు ఎర్రగా చూపించింది, ఆ పక్కింటావిడ వల్లేనా బాబూ?" అని ఎవరైనా అడిగితే, "కాదండీ, ఈ మీటరు మనుషుల్ని కొలవదు" అని అందరూ వినేలా చెప్పండి. మాట వినకుండా ఆమె మీదికి వెళ్ళే సూచన కనబడితే అక్కడి నుంచే 112కి ఫోన్ చేయండి. ఆమె దగ్గర నించుని, పోలీసులు వచ్చేదాకా కదలకండి.